ఒక ఆలోచన ఏ శాస్త్రంలోంచి ఏ శాస్త్రంలోకి ఎప్పుడు వెళ్లిందో మ్యాప్ గీయడం ఎలా?

ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడుసార్లయినా వస్తుంది. అడిగేవాళ్లలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లుంటారు, లైబ్రరీ సైన్స్ విద్యార్థులుంటారు, ఊరికే ఆసక్తి కొద్దీ మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు. "బొమ్మ రంగురంగులుగా వచ్చిందండీ, కానీ దాన్ని చూసి ఏం చెప్పాలో తెలియట్లేదు" అనే దగ్గర దాదాపు అందరూ ఆగిపోతారు. బొమ్మ గీయడం పది నిమిషాల పని. అంతకుముందు పేపర్లు ఏరుకోవడం, ఆ తర్వాత బొమ్మ చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడం, ఈ రెండింటికే వారాలు పడతాయి. అందుకని ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. మీ ఉదాహరణ వేరే అయినా అడుగులు ఇవే.

ఉదాహరణగా సి.ఆర్. రావు గారి 1945 పేపర్ తీసుకుందాం. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లిన తెలుగాయన, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. డేటా చూసి తెలియని విలువను అంచనా వేసేటప్పుడు, పక్షపాతం లేని (సగటున అసలు విలువనే ఇచ్చే) పద్ధతి ఏది వాడినా తప్పు ఫలానా స్థాయి కంటే తగ్గదు అని ఆ పేపర్‌లో నిరూపించారు. దాన్నే ఇప్పుడు క్రామెర్-రావు బౌండ్ (హద్దు) అంటున్నాం. రాడార్ ఇంజనీర్లు, క్వాంటమ్ ఫిజిక్స్ వాళ్లు, మైక్రోస్కోపుతో ఒక్కో అణువును వెతికేవాళ్లు, మెదడులో న్యూరాన్ల మీద పనిచేసేవాళ్లు, అందరూ దాన్ని వాడతారు. స్టాటిస్టిక్స్‌లో పుట్టిన ఒక మాట అంత దూరం ఎలా వెళ్లిందన్నదే మన ప్రశ్న.

కావాల్సినవి

మామూలు లాప్‌టాప్ చాలు, 8 జీబీ మెమరీ ఉంటే ఇబ్బంది ఉండదు. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ కావాలి. డేటా కోసం ఓపెన్ఎలెక్స్ వాడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల అకడమిక్ గ్రాఫ్ 2021 చివర్లో ఆగిపోయాక దాని స్థానంలో 2022 జనవరిలో మొదలైన ఉచిత డేటాబేస్ ఇది, 20 కోట్లకు పైగా రచనల వివరాలున్నాయి. మీ యూనివర్సిటీకి స్కోపస్ గానీ వెబ్ ఆఫ్ సైన్స్ గానీ ఉంటే అవీ వాడుకోండి. కానీ ఒకే మ్యాప్‌లో రెండు డేటాబేసులు కలపకండి, ఒకదానిలో ఉన్న జర్నల్ ఇంకోదానిలో ఉండదు కాబట్టి లెక్క చెడుతుంది. గీయడానికి వీఓఎస్ వ్యూయర్ లేదా గెఫీ, రెండూ ఉచితమే. పైథాన్ వస్తే పని తొందరగా అవుతుంది, రాకపోయినా కొన్ని వేల పేపర్ల దాకా షీట్‌తో నెట్టుకురావచ్చు. వీటితోపాటు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు ఏ మాటతో వెతికారో, ఎన్ని వచ్చాయో, ఏవి ఎందుకు తీసేశారో అందులో రాయాలి. దీన్ని వదిలేసినవాళ్లు మూడో వారంలో మళ్లీ మొదటికి వస్తారు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఇతర శాస్త్రాల మీద స్టాటిస్టిక్స్ ప్రభావం" అని రాసుకుంటే పని ఎప్పటికీ తెమలదు. "క్రామెర్-రావు బౌండ్ 1945 నుంచి 2020 దాకా ఏయే శాస్త్రాల పేపర్లలోకి, ఏ వరసలో చేరింది?" అని రాసుకోండి. ఇందులో ఆలోచన ఒకటుంది, మొదలూ చివరా ఉన్నాయి, ఏం లెక్కపెట్టాలో ఉంది. నాలుగింటిలో ఏది తగ్గినా తర్వాతి అడుగు వేయకండి.

2. మూలాల జాబితా తయారు చేయండి

ఆలోచన పుట్టిన పేపర్ ఒక్కటే ఉంటుందనుకుని దాని పేజీ తెరిచి, అక్కడున్న సైటేషన్ల (దాన్ని ఇతర పేపర్లు ఉదహరించడం) సంఖ్య తీసుకుని బయల్దేరడం చాలామంది చేసే మొదటి పొరపాటు. మన ఉదాహరణలో ఎన్ని చిక్కులున్నాయో చూడండి.

1945 పేపర్ కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటిలో వచ్చింది. దాన్ని ఉదహరించేవాళ్లలో కొందరు పేజీలు 81 నుంచి 91 అని రాస్తారు, ఇంకొందరు 81 నుంచి 89 అని. కంప్యూటర్ ఇలాంటి తేడాలు చూసి ఒకే పేపర్‌ను రెండుగా నమోదు చేసే అవకాశం ఉంది. అదే పేపర్ 1992లో స్టాటిస్టిక్స్ మైలురాళ్ల సంకలనం ఒకదానిలో మళ్లీ అచ్చయింది, కొందరు ఆ ముద్రణనే ఉదహరిస్తారు. ఇక స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామెర్ ఇదే ఫలితాన్ని విడిగా సాధించి 1946లో వచ్చిన తన పుస్తకంలో పెట్టారు, కాబట్టి పుస్తకాన్ని ఉదహరించినవాళ్లూ మన లెక్కలోకి రావాలి. ఫ్రాన్స్‌లో మోరిస్ ఫ్రెషే 1943లోనే దీనికి దగ్గరి ఫలితం ఇచ్చారు, అందుకే ఫ్రెంచి రచనల్లో పేరు ఫ్రెషే-డార్మ్వా-క్రామెర్-రావు అని నాలుగు ముక్కలుగా కనిపిస్తుంది (డార్మ్వా కూడా ఫ్రాన్స్ గణితవేత్తే).

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఒక్క 1945 పేపర్‌లో మూడు విషయాలున్నాయి. బౌండ్ ఒకటి, తర్వాత 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ కూడా విడిగా కనుక్కోవడంతో రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అయినది ఇంకొకటి, సంభావ్యతా పంపిణీల మధ్య దూరాన్ని జ్యామితితో కొలవడం మూడోది. ఈ మూడోదాని నుంచే ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే రంగం పెరిగింది. అంటే ఒక మెషీన్ లెర్నింగ్ పేపర్ 1945 రచనను ఉదహరించిందంటే అది బౌండ్ కోసమా, జ్యామితి కోసమా అన్నది సైటేషన్ చెప్పదు. షీట్‌లో "ఎందుకు" అనే కాలమ్ ఒకటి ఇప్పుడే పెట్టేయండి, తర్వాత పనికొస్తుంది.

హెచ్చరిక: రచయిత పేరుతో మాత్రం వెతకకండి. "సి. రావు" పేరు మీద సి.ఆర్. రావు గారి పేపర్లూ, వెయ్యికి పైగా పేపర్లు రాసిన రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు గారి పేపర్లూ కలిసిపోతే మీ మ్యాప్‌లో స్టాటిస్టిక్స్ నుంచి కెమిస్ట్రీకి లేని రహదారి ఒకటి పుడుతుంది. మన పేర్లతో ఈ ఇబ్బంది ఎక్కువ. డేటాబేస్ ప్రతి రచనకూ ఇచ్చే ఐడీ నంబర్‌తోనే పట్టుకోండి.

3. రెండు బుట్టలు నింపండి

మొదటి బుట్టలో మీ జాబితాలోని మూలాలను ఉదహరించిన పేపర్లు వేయండి. ఓపెన్ఎలెక్స్‌లో మూలం పేజీ తెరిచి, దాన్ని ఉదహరించిన రచనల జాబితాకు వెళ్లి సీఎస్‌వీ ఫైల్‌గా దింపుకోవచ్చు.

రెండో బుట్టలో, మూలాన్ని ఉదహరించినా ఉదహరించకపోయినా, శీర్షికలోనో సారాంశంలోనో ఆ మాట వాడిన పేపర్లు వేయండి. ఈ బుట్ట తప్పనిసరి. ఒక ఆలోచన బాగా ఇమిడిపోయాక దాని మూలాన్ని ఎవరూ ఉదహరించరు. న్యూటన్ సూత్రం వాడుతూ న్యూటన్ పుస్తకం పేజీ నంబర్ ఎవరు రాస్తారు? రావు గారి బౌండ్‌కూ అదే జరిగింది. సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్లలో పేరు ఉంటుంది, రిఫరెన్సుల్లో 1945 కనబడదు, మహా అయితే ఏదో పాఠ్యపుస్తకం ఉంటుంది. మొదటి బుట్ట మాత్రమే చూస్తే, ఆలోచన ఎక్కడ బాగా పాతుకుపోయిందో సరిగ్గా అక్కడే అది లేనట్టు మ్యాప్ చూపిస్తుంది.

మాటల జాబితాకు ఒక పూట కేటాయించండి. క్రామెర్ పేరులో ఇంగ్లిష్ e అక్షరం మీద గీత ఉన్న రూపం, లేని రూపం, మధ్యలో చిన్న అడ్డగీత, పొడుగు అడ్డగీత, అసలు గీతే లేనిది, పేర్లు తారుమారై రావు-క్రామెర్ అయినది, "లోయర్ బౌండ్" అని, "ఇనీక్వాలిటీ" అని, కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఎవరి పేరూ లేకుండా "ఇన్ఫర్మేషన్ ఇనీక్వాలిటీ" అని. అన్నీ రాయండి. పొట్టి పేర్లతో మాత్రం జాగ్రత్త. క్రామెర్-రావు బౌండ్‌కు వాడే సీఆర్‌బీ ఖగోళశాస్త్రంలో కాస్మిక్ రేడియో బ్యాక్‌గ్రౌండ్ కూడా అవుతుంది. పొట్టి పేరుతో వచ్చిన పేపర్‌లో పూర్తి పేరు కూడా ఉంటేనే ఉంచుకోండి.

నేను మొదటిసారి చేసినప్పుడు, ఈ బౌండ్‌ను లెక్కగట్టడానికి వాడే "ఫిషర్ ఇన్ఫర్మేషన్" అనే మాట కూడా కొటేషన్ గుర్తులు లేకుండా వేసి వెతికాను. పర్యావరణ శాస్త్రం వైపు మంచి లావుపాటి గీత వచ్చింది, సంతోషపడి రెండు రోజులు దాని చుట్టూ వివరణ కూడా రాసుకున్నాను. తర్వాత పేపర్లు తెరిస్తే చాలావరకు చేపల వేట మీద సర్వేలు. ఆ రంగంలో జాలర్లను ఫిషర్స్ అంటారు. చాలా సెర్చ్ ఇంజన్లు బహువచనాన్ని పట్టించుకోవు కాబట్టి జాలర్లు ఇచ్చిన సమాచారం అంతా స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ పేరు మీద వచ్చి పడింది. అప్పటి నుంచి ఏ మాటకైనా ముందు 50 ఫలితాలు కళ్లతో చూడకుండా మొత్తం దింపను. మీరూ అలాగే చేయండి. 50లో ఐదారు కంటే ఎక్కువ సంబంధం లేనివి వస్తే ఆ మాటను మార్చండి లేదా వదిలేయండి.

4. శుభ్రం చేయండి

బోరు కొట్టే పనే, కానీ తప్పించుకోలేం. ముందు డూప్లికేట్లు. ఒకే పరిశోధన ముందుగా ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో ప్రీప్రింట్‌గా (జర్నల్‌లో రాకముందు రూపంగా), తర్వాత సదస్సులో, ఆ తర్వాత జర్నల్‌లో వస్తుంది. శీర్షికలో పెద్ద చిన్న అక్షరాల తేడా, చుక్కలు, గీతలు తీసేసి పోల్చి, మూడూ ఒకటే అయితే ఒకటే ఉంచండి, కానీ సంవత్సరం మాత్రం అన్నిటికంటే ముందుదే తీసుకోండి. ఆలోచన ఎప్పుడు చేరిందనేదే కదా మనకు కావాల్సింది.

తర్వాత సంవత్సరాలు. ఉదహరించిన పేపర్ సంవత్సరం మూలం కంటే ముందుదిగా ఉంటే ఎక్కడో తప్పుంది. అలాంటి వరసలన్నీ ఎరుపు రంగులో పెట్టి ఒక్కొక్కటిగా చూడండి. 1992 పునర్ముద్రణ లాంటివి ఇక్కడే దొరుకుతాయి. పాత జర్నళ్లను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన తేదీ ప్రచురణ తేదీగా నమోదైనవి కూడా ఇక్కడే బయటపడతాయి.

5. ఏ పేపర్ ఏ శాస్త్రానిదో నిర్ణయించండి

మ్యాప్ బాగుపడేదీ పాడయ్యేదీ ఎక్కువగా ఈ అడుగులోనే. కాస్త ఓపిగ్గా చదవండి.

ఓపెన్ఎలెక్స్ ప్రతి పేపర్‌కూ ఒక టాపిక్ ఇస్తుంది. టాపిక్‌లు సుమారు 4,500, వాటి పైన 252 ఉపశాఖలు, వాటి పైన 26 శాఖలు, అన్నిటికీ పైన 4 విభాగాలు. 26 శాఖలు చేతికి సరిపోయేలా ఉన్నాయని చాలామంది వాటినే నేరుగా వాడేస్తారు. మన ఉదాహరణలో అది బోల్తా కొట్టిస్తుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ ఉపశాఖ కంప్యూటర్ సైన్స్ కింద ఉంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఉపశాఖ ఇంజనీరింగ్ కింద ఉంది. ఒకే ల్యాబ్‌లో ఒకే మనిషి రాసిన రెండు రాడార్ పేపర్లు రెండు వేరు శాఖల్లో పడి, వాటి మధ్య సైటేషన్ ఉంటే "ఇంజనీరింగ్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు జ్ఞానం పాకింది" అని మ్యాప్ చెబుతుంది. అక్కడ ఏదీ పాకలేదు, పక్క టేబుల్ మీద ఉన్న పేపర్‌ను చూసి రాసుకున్నారంతే. దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. క్వాంటమ్ ఆప్టిక్స్, ఖగోళశాస్త్రం రెండూ భౌతికశాస్త్రం శాఖలోనే ఉంటాయి కాబట్టి, బౌండ్ వాటిలోకి వేరువేరు దారుల్లో, వేరువేరు కాలాల్లో చేరినా ఒకే చుక్కగా కనిపిస్తుంది.

అందుకని ఉపశాఖల స్థాయిలో డేటా తీసుకుని, మీ ప్రశ్నకు తగ్గట్టు మీరే ఎనిమిది నుంచి పన్నెండు గంపలు (కలిపి చూడాల్సిన ఉపశాఖల గుంపులు) తయారు చేసుకోండి. బౌండ్ కోసం నేను పెట్టుకున్నవి: స్టాటిస్టిక్స్ సంభావ్యత, మిగతా గణితం, సిగ్నల్ ప్రాసెసింగ్ కమ్యూనికేషన్లు (రెండు శాఖల నుంచీ కలిపి), మెషీన్ లెర్నింగ్, క్వాంటమ్ ఆప్టిక్స్, ఖగోళం, జీవశాస్త్రం మైక్రోస్కోపీ, మెదడు శాస్త్రం, వైద్య ఇమేజింగ్, ఆర్థికశాస్త్రం. ఏ ఉపశాఖ ఏ గంపలోకి వెళ్లిందో ఒక పట్టికలో రాసి భద్రం చేయండి. ఎవరైనా అడిగితే చూపించాల్సింది అదే.

లేబుళ్లు యంత్రం పెట్టినవి కాబట్టి తప్పులుంటాయి. వంద పేపర్లు లాటరీ తీసినట్టు తీసుకుని, యంత్రం ఇచ్చిన లేబుల్ దాచిపెట్టి, శీర్షిక, సారాంశం చదివి మీరే గంప నిర్ణయించండి. వీలైతే స్నేహితుడితో కూడా విడిగా చేయించండి. వందలో ఇరవైకి పైగా తేడా వస్తే గంపల సరిహద్దులే సరిగా గీయలేదని అర్థం, వెనక్కి వెళ్లి మార్చండి.

ప్రత్యామ్నాయం: పేపర్ బదులు జర్నల్‌ను బట్టి శాస్త్రం నిర్ణయించవచ్చు. తేలిక, పాత పేపర్లకు బాగానే పనిచేస్తుంది. కానీ నేచర్, సైన్స్ లాంటి అన్ని విషయాలూ వేసే పత్రికల దగ్గర పనికిరాదు, వాటికి పేపర్ వారీగానే చూడాలి.

6. కాలాన్ని ముక్కలు చేసి, మొత్తంతో భాగించండి

ఏడాదికో బొమ్మ గీస్తే పాత రోజుల్లో ఒక్కో పేపరే ఉండి గీత అటూ ఇటూ గెంతుతుంది. 1945 నుంచి 1975 దాకా పదేసి ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లు తీసుకుంటే బాగుంటుంది.

ఇక భాగించడం. ఊహాలెక్క ఒకటి చూడండి. ఒక శాస్త్రంలో మొదటి ఐదేళ్లలో 10,000 పేపర్లు వస్తే అందులో 20 మన మాట వాడాయనుకోండి. పదేళ్ల తర్వాత 40,000 పేపర్లలో 60 వాడాయి. సంఖ్య మూడు రెట్లయింది. కానీ వెయ్యికి 2 ఉన్నది వెయ్యికి 1.5కి పడిపోయింది. మొదటిది చూసి "వ్యాపించింది" అని రాసినవాళ్లు, ఆ శాస్త్రం పెరిగిందన్న సంగతినే తమ ఆలోచన పెరిగిందని చెప్పినట్టు. ప్రతి గంపకూ, ప్రతి కాలానికీ మొత్తం పేపర్ల సంఖ్య కూడా అదే డేటాబేస్ నుంచి తీసుకుని భాగించండి.

రెండో బుట్టకైతే మొత్తం పేపర్లతో కాకుండా, సారాంశం ఉన్న పేపర్లతో భాగించాలి. పాత పేపర్లు చాలావాటికి డేటాబేస్‌లో సారాంశమే ఉండదు, మాట ఉన్నా దొరకదు. ఇది వదిలేస్తే ప్రతి ఆలోచనా ఇటీవలే ఉవ్వెత్తున లేచినట్టు కనిపిస్తుంది. చివరి రెండేళ్ల డేటా ఇంకా చేరుతూనే ఉంటుంది కాబట్టి గీత కిందికి వంగితే ఆలోచన చచ్చిపోయిందని రాయకండి, ఆ రెండేళ్లూ గీయకుండా వదిలేయడం మేలు.

ఒక పేపర్ రెండు గంపలకు చెందితే చెరో సగం ఇవ్వండి. రెండింటికీ ఒకటి చొప్పున ఇస్తే కలగలుపు పేపర్లు రాసే రంగాలు లేని బరువు తెచ్చుకుంటాయి.

7. బాణం ఎటు పెట్టాలో సరిచూసుకోండి

ఇంత చిన్న విషయానికి విడిగా అడుగెందుకంటే, నా దగ్గరికి వచ్చే మ్యాపుల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే. సైటేషన్ డేటాలో గీత కొత్త పేపర్ నుంచి పాత పేపర్‌కు ఉంటుంది. జ్ఞానం వెళ్లేది పాతదాని నుంచి కొత్తదానికి. డేటాను ఉన్నదున్నట్టు గెఫీలో పోస్తే బాణాలన్నీ తలకిందులై, జీవశాస్త్రం స్టాటిస్టిక్స్‌కు పాఠం చెప్పినట్టు వస్తుంది. ఫైల్‌లో "సోర్స్" కాలమ్‌లో ఉదహరించబడిన పేపర్ గంప, "టార్గెట్" కాలమ్‌లో ఉదహరించిన పేపర్ గంప ఉండేలా తారుమారు చేయండి. తర్వాత మీకు బాగా తెలిసిన ఒక జంటతో పరీక్షించండి. 1945 నుంచి బాణాలు బయటికి మాత్రమే రావాలి. లోపలికి ఒక్కటి వచ్చినా తారుమారు జరగలేదన్నమాట.

8. విస్తరణను ఒక అంకెగా కొలవాలంటే

ఎన్ని గంపల్లోకి చేరింది అని లెక్కపెడితే సరిపోదు. స్టాటిస్టిక్స్ నుంచి గణితానికి వెళ్లడమూ, స్టాటిస్టిక్స్ నుంచి జీవశాస్త్రానికి వెళ్లడమూ ఒకటి కావు. ఈ దూరాన్ని లెక్కలోకి తెచ్చే కొలత పేరు రావు-స్టర్లింగ్ సూచిక. ఆ రావు ఈ రావు గారే! 1982లో జీవవైవిధ్యాన్ని దృష్టిలో పెట్టుకుని ఆయన ఇచ్చిన సూత్రాన్ని, 2007లో ఆండీ స్టర్లింగ్ మరింత విశాలమైన వైవిధ్యపు కొలతగా మలిచారు, అక్కడి నుంచి శాస్త్రాల కలయికను కొలిచేవాళ్లు అందుకున్నారు. ఆయన ఆలోచన ఎంత దూరం వెళ్లిందో కొలవడానికి ఆయన సూత్రమే చేతికొస్తుంటే, ఈ పని చేస్తున్న తెలుగువాడిగా నాకు గుండె నిండినట్టుంటుంది.

చేయడం తేలిక. ప్రతి గంప వాటా రాసుకోండి. ప్రతి జంటకూ రెండు వాటాలనూ వాటి మధ్య దూరాన్నీ గుణించి, అన్నీ కూడండి. ఉదాహరణకు గణితం 0.6, ఇంజనీరింగ్ 0.3, జీవశాస్త్రం 0.1 అనుకుందాం. దూరాలు: గణితం-ఇంజనీరింగ్ 0.2, గణితం-జీవశాస్త్రం 0.8, ఇంజనీరింగ్-జీవశాస్త్రం 0.7. అప్పుడు 0.036, 0.048, 0.021 కలిపి 0.105. కొన్నేళ్లకు వాటాలు 0.4, 0.3, 0.3 అయితే 0.024, 0.096, 0.063 కలిపి 0.183. రెండుసార్లూ గంపలు మూడే, కానీ దూరపు చోటుకు ఎక్కువ చేరింది, సూచిక ఆ సంగతి చెప్పింది. కొందరు ప్రతి జంటనూ రెండు వైపుల నుంచీ లెక్కేస్తారు, అప్పుడు అంకె రెట్టింపవుతుంది. ఏ పద్ధతైనా సరే, మొత్తం పనిలో ఒకటే వాడండి. దూరాలను మాత్రం ఊహించి వేయకూడదు. రెండు శాస్త్రాల రిఫరెన్సులు ఎంత కలుస్తాయో కొసైన్ పోలిక (ఏమీ కలవకపోతే 0, పూర్తిగా కలిస్తే 1 వచ్చే కొలత) తీసి, 1 నుంచి తీసేస్తే దూరం వస్తుంది.

ఈ దూరం ఎంత తేడా తెస్తుందో 2009లో పోర్టర్, రఫోల్స్ చేసిన పనిలో చూడొచ్చు. ఆరు రంగాలను 1975 నుంచి 2005 దాకా చూస్తే, పేపర్లు ఉదహరించే శాస్త్రాల సంఖ్య బాగా పెరిగింది, దూరంతో కలిపి కొలిచిన సూచిక మాత్రం కొద్దిగానే పెరిగింది. ఎక్కువగా పక్కింటి శాస్త్రాలకే వెళ్లారన్నమాట.

9. ఇప్పుడు గీయండి

ముందు మామూలు గీతల గ్రాఫ్ వేయండి, అడ్డంగా కాలం, నిలువుగా వెయ్యి పేపర్లకు ఎన్ని. గంపకో గీత. ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వచ్చేస్తుంది. తర్వాత గంపల నుంచి గంపలకు పట్టిక వేసి, ఎక్కువ ఉన్న గడులకు ముదురు రంగు ఇవ్వండి. ఈ రెండూ చూశాకే నెట్‌వర్క్ బొమ్మ జోలికి వెళ్లండి.

నెట్‌వర్క్ బొమ్మలో చుక్క పైన ఉందా కింద ఉందా, ఎడమా కుడా అన్నదానికి అర్థం లేదు, దగ్గరా దూరమా అన్నదే కొంత చెబుతుంది. గెఫీలో అదే డేటాను రెండుసార్లు పరిస్తే రెండు ఆకారాలు రావచ్చు. కాబట్టి ఒక్కో కాలానికి విడివిడిగా పరచకండి. అలా చేస్తే 1970లో ఎడమవైపున్న స్టాటిస్టిక్స్ 1990లో కుడివైపుకు దూకుతుంది, చూసేవాళ్లు అదేదో పెద్ద మార్పనుకుంటారు. మొత్తం కాలాన్ని కలిపి ఒకసారి పరిచి, చుక్కల చోట్లు స్థిరపరిచి, ఒక్కో కాలానికి గీతలు మాత్రం మార్చండి. తెలుగు పేర్లు పెట్టినప్పుడు ఒత్తులు విడిపోతే, బొమ్మను ఎస్‌వీజీగా దించి పేర్లు ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకోండి.

శాస్త్రాల మధ్య మొత్తం ప్రవాహం కాకుండా, ఆలోచన ఏ పేపర్ నుంచి ఏ పేపర్‌కు చేతులు మారిందనే ఒక్క దారి కావాలంటే మెయిన్ పాత్ పద్ధతి ఉంది. 1989లో హమ్మన్, డోరియన్ దీన్ని డీఎన్ఏ చరిత్ర మీద చేసి చూపించారు. పజెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది.

10. ఫలితం నిజమో కాదో చూసుకోండి

కనీసం నాలుగు పరీక్షలు పెట్టండి.

మొదటిది తెలిసిన తేదీలతో. హెల్‌స్ట్రమ్ 1967లో ఈ బౌండ్‌ను క్వాంటమ్ కొలతల్లోకి తెచ్చారు. 1989లో స్టోయికా, నెహొరాయ్ యాంటెన్నా వరసలకు దీన్ని లెక్కగట్టిన పేపర్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో చాలా పేరు పొందింది. 1994లో బ్రౌన్‌స్టైన్, కేవ్స్ క్వాంటమ్ స్థితుల జ్యామితికి ముడిపెట్టారు. 1998లో అమారి న్యూరల్ నెట్‌వర్క్‌ల శిక్షణకు ఫిషర్ ఇన్ఫర్మేషన్ జ్యామితిని వాడారు. 2004లో ఓబర్, ఆయన సహచరులు మైక్రోస్కోపులో ఒక్క అణువు చోటును ఎంత కచ్చితంగా చెప్పగలమో లెక్కించారు. మీ డేటాలో ఇవి ఉన్నాయా? లేకపోతే ఏ అడుగులో జారిపోయాయో వెతకండి. క్వాంటమ్ గంపలో 1950లలోనే పేపర్లు కనబడితే అదీ అనుమానించాల్సిందే, ఒక్కొక్కటీ తెరవండి.

రెండోది ఒకదాన్ని తీసేసి చూడటం. ఎక్కువ పేపర్లిచ్చిన ఒక్క జర్నల్‌ను పూర్తిగా తీసి మళ్లీ గీయండి. లావుపాటి గీత మాయమైతే అది ఒక్క జర్నల్ కథ, శాస్త్రం మొత్తానిది కాదు.

మూడోది కలిపేసి చూడటం. సైటేషన్లలో సంవత్సరాలూ, ఒక్కో పేపర్ రిఫరెన్సుల సంఖ్యా అలాగే ఉంచి, ఎవరు ఎవరిని ఉదహరించారన్నది పేకముక్కల్లా కలిపి వంద మ్యాపులు తయారు చేయండి (దీనికి పైథాన్ కావాలి). మీ అసలు గీత ఆ వందలో చాలావాటిలో కూడా అంతే లావుగా వస్తే, పెద్ద శాస్త్రం కాబట్టి ఊరికే వచ్చిన గీత అది.

నాలుగోది చదవడం, దీన్ని ఎవరూ చేయరు. మీ మ్యాప్‌లో లావుగా ఉన్న ఐదు గీతలు తీసుకుని, ఒక్కోదానికి ఐదు పేపర్లు, మొత్తం పాతిక తెరవండి. బౌండ్ పేరు ఎక్కడుందో చూడండి. ముందుమాటలో నలుగురి పేర్లతో కలిపి ఒక్కసారి చెప్పి వదిలేశారా? పద్ధతుల భాగంలో దాన్ని వాడి లెక్క కట్టారా? ఫలితాల గ్రాఫులో అట్టడుగున చుక్కల గీతగా గీసి, మా పద్ధతి దీనికి ఇంత దగ్గరికి వచ్చిందని చూపించారా? రెండో అడుగులో పెట్టిన "ఎందుకు" కాలమ్ ఇప్పుడు నింపండి: ప్రస్తావన, వాడకం, విస్తరణ అని మూడు మాటలు చాలు. పాతికలో పదిహేను ప్రస్తావనలే అయితే "ఈ శాస్త్రంలోకి ఆలోచన చేరింది" అని రాయకండి, "ఈ శాస్త్రంలో పేరు వినబడుతోంది" అని రాయండి.

మ్యాప్‌ను ఎవరికైనా పంపేముందు దాని కిందే ఇవి రాసి పెట్టండి: డేటా ఏ డేటాబేస్ నుంచి ఏ తేదీన దించారు, ఏ మాటలతో వెతికారు, రెండు బుట్టల్లో ఎన్నెన్ని వచ్చాయి, శుభ్రం చేశాక ఎన్ని మిగిలాయి, గంపల పట్టిక ఎక్కడుంది, చేత్తో చూసిన వందలో ఎన్ని తేడా వచ్చాయి, చదివిన పాతికలో ఎన్ని నిజమైన వాడకాలు. ఏ అడుగు దగ్గరైనా ఆగిపోతే నన్ను అడిగేటప్పుడు ఈ వివరాలు కూడా పంపండి, బొమ్మ ఒక్కటే పంపితే తప్పు ఎక్కడుందో నేను చెప్పలేను.